చదువుతో పాటు పని

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1999లో అక్కడి ఆదివాసీ, టోరెస్ జలసంధి దీవుల విద్యార్థుల కోసం జాతీయ కాడెట్‌షిప్ పథకం పెట్టింది. డిగ్రీ చదువుతుండగానే ఒక ప్రభుత్వ శాఖో కంపెనీయో వాళ్లను ఎంచుకునేది. క్లాసులు నడిచినన్నాళ్లూ చదువు భత్యం, పుస్తకాల డబ్బు. సెలవుల్లో ఏడాదికి 12 వారాలు అదే ఆఫీసులో జీతానికి పని. పట్టా చేతికొచ్చేసరికి ఫైళ్లూ, మనుషులూ, పద్ధతులూ తెలిసి ఉండేవి.

మన దేశంలో ఎస్సీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. మా ఫీజు కట్టింది, హాస్టల్లో కూడు పెట్టింది అదే. కానీ కోర్సుతోనే అది ఆగిపోతుంది. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయినప్పుడు అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఉద్యోగం సంగతి ఎవర్ని అడగాలి? పై కులాల పిల్లలకు మేనమామో బాబాయో చెప్పేది మాకు చెప్పేవాళ్లు లేరు. కాడెట్‌షిప్ పూడ్చేది ఆ లోటునే. రిజర్వేషన్‌కి బదులుగా కాదు, దానికి తోడుగా ఇలాంటి జీతపు శిక్షణని మనమూ అడగాలి.