తీరికకూ ఒక వారం ఉండాలి

మన కోసం రోజూ కాస్త సమయం పెట్టుకోమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. నడవమంటారు, వేళకు తినమంటారు, కంటినిండా నిద్రపొమ్మంటారు. అన్నీ మంచి మాటలే. చర్ల, వెంకటాపురం వైపు గోదావరి ఒడ్డు మిరప తోటల్లో కాయ కోసే ఆడమనిషికి ఇదే సలహా ఇస్తే మాత్రం నవ్వి ఊరుకుంటుంది. తెల్లవారకముందే లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, సద్ది కట్టుకుని ట్రాలీ ఆటో ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేది పొద్దుగూకే వేళకే. కాయ ఘాటుకు వేళ్లు మండుతుంటే చెమట పట్టిన ముఖం తుడుచుకోవాలన్నా జంకే. ఇంటికొచ్చాక పొయ్యి ఎలాగూ ఉంది. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. కాబట్టి తీరిక లేదన్నది బద్ధకస్తుల సాకు కాదు. మనసుంటే మార్గముంటుందని, తీరిక చేసుకునే భారమంతా ఒక్క మనిషి నెత్తిన పెట్టడంలోనే పొరపాటుంది. విశ్రాంతి నిలబడిన చోటల్లా దాని వెనక పదిమంది ఒప్పుకున్న ఒక రోజో, ఒక కట్టుబాటో కనిపిస్తుంది.

దీనికి సాక్ష్యం దూరాన వెతకనక్కర్లేదు. ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు జాడ తెలిశాక సింగరేణి గనులు పుట్టాయి. ఆ గనుల్లో స్థిరపడిన పని పద్ధతుల వెనక 1952 నాటి గనుల చట్టం ఉంది. వారంలో ఆరు రోజులకు మించి ఎవరితోనూ పని చేయించకూడదని, భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదని అది గిరిగీసింది. కార్మికుడికి తన ఒంటి మీద శ్రద్ధ లేదని చట్టం చేయలేదు. ఒక్కడు సెలవు పెడితే పోయేది అతని కూలే, అందరికీ సెలవైతే ఎవరూ నష్టపోరు. అయినా గీత చెరిగిపోకుండా కాపాడుకోవడం తేలిక కాదు. ఆదివారం డ్యూటీకి వేతనం ఎక్కువ గనుక, ప్లే డే మస్టర్ల కోసం, అంటే ఆ సెలవు రోజు హాజరు కోసం, కార్మికులే పోటీ పడతారు. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు కళ్ల ముందుంటే ఆ పోటీని తప్పుపట్టలేం. కానీ చట్టం రాసిపెట్టిన సెలవుకే ఇంత ఒత్తిడి ఉంటే, మనసులో అనుకున్న అరగంట ఎన్నాళ్లు నిలుస్తుంది?

చట్టం కంటే పాత కట్టుబాటు అడవి ఊళ్లలోనే ఉంది. కోయగూడేల్లో వేసవి చివర భూమి పండుగ చేసుకుని విత్తనాలను పూజించాకే విత్తు పని మొదలుపెట్టడం ఆచారం. మగవాళ్లు వేటకు వెళతారు. ఆడవాళ్లు రేలా పాటలు పాడుతూ దారికి అడ్డంగా నిలబడి వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు. ఆ పండుగ రోజుల్లో ఎవరి పొలం పని వాళ్లు ముందే కానిచ్చేసుకుందామనుకోరు. దీన్ని మొక్కుబడి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. విశ్రాంతి కోణంలో చూస్తే మాత్రం ఇది చాలా తెలివైన ఏర్పాటు. పని మానినందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు. పండుగ వంట మళ్లీ ఆడవాళ్ల మీదే పడుతుందన్నదీ నిజమే. ఉన్నదాన్ని ఉన్నట్టే నెత్తికెత్తుకోమని కాదు, దాని పద్ధతి చూడమని.

కడుపు నిండాక కదా ఇవన్నీ అని అడిగేవాళ్ల మాటలో బలం ఉంది. తునికాకు యాభై ఆకుల కట్ట లెక్కన అమ్ముడుపోతుంది. వేసవిలో ఆ పని కొద్ది వారాలే, ఒక పూట మానితే ఆ పూట కట్టలు పోయినట్టే. రాలిన ఇప్పపువ్వు కూడా మన కోసం ఆగదు. ఆ రోజుల్లో వ్యాయామం, ధ్యానం అంటూ పాఠం చెప్పడం అన్యాయం. అయితే ఏడాదంతా ఆకు సీజన్ కాదు. ముమ్మరం ఉన్నప్పుడు ఒళ్లు వంచి, తర్వాత ఆ అలుపు తీర్చుకునే వారాన్ని ముందే ఖాయం చేసుకోవచ్చు. తీర్చుకోని అలుపు ఊరికే పోదు కూడా. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. ఒక పూట కూలికి భయపడిన ఇల్లు పక్షవాతం ఖర్చును ఎలా మోస్తుందో లెక్క వేసుకోవడం కష్టం కాదు.

మరి ఊపిరాడని వారంలో ఒక గంట ఎలా పుడుతుంది? పొదుపు సంఘాల ఆడవాళ్లు ఈ పని ఎప్పుడో చేసి చూపించారు. మిరప కోతలున్నా, ఇంట్లో చుట్టాలున్నా మీటింగ్ రోజుకు మీటింగ్‌కు వస్తారు. కారణం సంకల్పబలం కాదు. రోజు ముందే ఖాయమై ఉంటుంది, రాకపోతే పదిమంది అడుగుతారు, చాలా సంఘాల్లో జరిమానా కూడా ఉంటుంది. అప్పు వాయిదా కోసం ఇంత పట్టుగా కూడే గంటకు ఇంకో గంట కలపడం అసాధ్యమేమీ కాదు. ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్ చూడడం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆ పరీక్షలు అదే రోజు పెట్టించుకోవచ్చు. మిగిలిన సేపు నడుం వాల్చినా, పాడుకున్నా, ఊరికే కూర్చున్నా అడిగేవాళ్లుండకూడదు. ఆ పూట ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించాలన్నది కూడా తేల్చి తీర్మానాల పుస్తకంలో రాయించడం మేలు. పుస్తకంలో లేకపోతే ఆ రెండో గంటను వంటే మింగేస్తుంది.