గ్రహాల పుట్టుక: తెలుగు నేల మీద పడిన ఒక సాక్ష్యం



నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరయినవాణ్ణి. సైన్సు గురించి మీకేం తెలుసని అడగవచ్చు. ఏ ఖాతాకైనా ప్రారంభ నిల్వను బట్టే మిగతా లెక్క నడుస్తుంది. గ్రహాల విషయంలోనూ అంతే.

సుమారు 457 కోట్ల సంవత్సరాల క్రితం ఒక వాయుధూళి మేఘం కుంగి, నడుమ సూర్యుడు, చుట్టూ పళ్లెం లాంటి ధూళిచక్రం ఏర్పడ్డాయి. అదే సౌర నిహారిక. అందులోని సరుకు వంద రూపాయలనుకుంటే 98 రూపాయల పైచిలుకు హైడ్రోజన్, హీలియం వాయువులే. ఆక్సిజన్, కార్బన్, ఇనుము, సిలికాన్ వగైరా అన్నీ కలిపి సుమారు రూపాయిన్నర. మన భూమి దాదాపుగా ఆ చిల్లరతోనే తయారయింది.

సూర్యుడి దగ్గరి వేడిలో ఇనుము, రాయి వంటివే గట్టిపడగలిగాయి. కనుక అక్కడ చిన్న రాతి గ్రహాలు పుట్టాయి. దూరపు చలిలో నీరు కూడా మంచుగా చేరి సరుకు పెరిగింది. గురుగ్రహం త్వరగా ఎదిగి, వాయువులను లాక్కుని 318 భూముల బరువైంది.

సరుకు మారితే కట్టడం మారుతుందని కామాటిపురా వారికి వేరే చెప్పనక్కరలేదు. మన పెద్దలెందరో బొంబాయి కట్టడాల్లో చెమటోడ్చినవారే. ఇనుము ఎక్కువగా ఉన్న నక్షత్రాల చుట్టూ భారీ గ్రహాలు ఎక్కువగా కనిపిస్తాయని 2005లో ఫిషర్, వాలెంటి అనే శాస్త్రజ్ఞులు చూపారు. ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువైన చోట, ఆక్సిజన్ చాలావరకు కార్బన్‌తోనే జతకట్టి పోతుంది. నీటికి, మామూలు రాతికి మిగిలేది తక్కువ.

మరి మన నిహారికకు సాక్ష్యమేది? భూమి కరిగి తన పాత కాగితాలను పోగొట్టుకుంది. ఉల్కలు మాత్రం దాచి ఉంచిన వోచర్ల వంటివి. అలాంటి ఇనుప ఉల్క ఒకటి 1870 జనవరిలో నాటి విశాఖపట్నం జిల్లా పార్వతీపురం ప్రాంతంలో పడింది. పేరు నెడగొల్ల. బరువు నాలుగున్నర కిలోల పైచిలుకు.

ఉల్కల్లోని మాలిబ్డినం ఐసోటోపులను కొలిస్తే రెండు ఖాతాలు తేలతాయి. ఒకటి సూర్యుడికి దగ్గరి సరుకు, రెండోది దూరపు సరుకు. గురుగ్రహమే నడుమ అడ్డుగా నిలిచిందని పలువురి అభిప్రాయం. నెడగొల్ల ఇనుము రెండిటికీ మధ్యస్థంగా ఉందని 2022లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. సౌరకుటుంబం మొదలైన 70 లక్షల ఏళ్లకు పైగా గడిచాక రెండు ప్రాంతాల గోళాలు ఢీకొని కలిసిన లోహమిదని దాని నిర్ణయం. అంటే ఆ అడ్డు శాశ్వతం కాదన్నమాట.

150 ఏళ్లు దాటిన ఉల్క ఇంకా కొత్త విషయం చెబుతూనే ఉంది. చదివేవారు కావాలి. మాన్‌ఖుర్ద్‌లోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఖగోళ ఒలింపియాడ్ నిర్వహిస్తుంది. గ్రాంట్ రోడ్ నుంచి లోకల్ రైళ్లలో వెళ్లిరాగల దూరం. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: ఆసక్తి ఉన్న పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ "ఆకాశం చదువు అన్నం పెడుతుందా" అని ఆపకండి. ముందు ఫారం నింపించండి.