షాకర్‌ను నొక్కి వదిలి చూడండి

రాయపూర్‌ సైకిల్ షాపుల్లో పిల్లాడికి గేరు సైకిల్ కొనబోయేవాళ్ల కళ్లు మొదట పడేది ముందు చక్రం పైనున్న లావుపాటి షాకర్ల మీదే. హ్యాండిల్ పట్టుకుని రెండుసార్లు నొక్కుతారు. అది దిగుతుంది, బాగుందనుకుంటారు. కానీ అది సగం పరీక్షే. దిగిన ఫోర్కు, అంటే షాకర్లున్న ఆ ముందు భాగం, పైకెలా వచ్చిందన్నది చూడాలి. దాని మంచిచెడ్డలు బయటపడేది అక్కడ.

ఫోర్కు లోపల రెండు పనులు జరగాలి. గుంటలో పడ్డప్పుడు దెబ్బను మింగడానికి స్ప్రింగు కావాలి. అది ఉక్కు చుట్ట కావచ్చు, బిగించి నింపిన గాలి కావచ్చు. నొక్కుకుపోయిన స్ప్రింగు తాను మింగిన బలాన్ని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. అప్పుడు దాన్ని పట్టి ఆపేది లేకపోతే హ్యాండిల్ చేతుల్ని తంతుంది, చక్రం నేలను వదిలి ఎగురుతుంది, ఎగిరిన చక్రానికి బ్రేకు పట్టదు. ఆ బలాన్ని అణచేది డాంపర్. నూనెను సన్నని రంధ్రాల్లోంచి నెట్టి, కదలికను వేడిగా మార్చేస్తుంది. ఆఫీసు తలుపుల పైన బిగించే డోర్ క్లోజర్‌లోనూ ఇదే ఏర్పాటు: స్ప్రింగు తలుపును లాగుతుంది, నూనె దాన్ని దభాలున కొట్టుకోనివ్వదు. చవక ఫోర్కుల్లో చాలావాటికి స్ప్రింగు ఒక్కటే ఉంటుంది, నూనె ఉండదు.

పాల్ టర్నర్ 1989లో అమెరికాలో రాక్‌షాక్స్ సంస్థ మొదలుపెట్టినప్పుడు, దాని తొలి ఫోర్కు ఆర్ఎస్-1 కదలిక 50 మిల్లీమీటర్లు కూడా లేదు. కానీ అందులో గాలి స్ప్రింగూ ఉంది, నూనె డాంపరూ ఉంది. 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన తొలి అధికారిక ప్రపంచ మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్‌లో డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ సైకిల్‌కు ఉన్నది ఆ ఫోర్కే. ఇవాళ షాపులో స్టిక్కరు మీద 100 మిల్లీమీటర్లని కనిపించగానే మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

కాబట్టి ముందు బ్రేకు పట్టుకుని, ఒంటి బరువంతా వేసి నొక్కి, ఒక్కసారిగా వదలండి. ముందు చక్రం ఎగిరినా, పైకొచ్చి టక్కుమని కొట్టుకున్నా లోపల నూనె పని చేయడం లేదనే. మంచి ఫోర్కు ఒకే వేగంతో, చప్పుడు లేకుండా లేస్తుంది. రీబౌండ్, అంటే తిరిగి లేచే వేగం, మార్చే మర ఉంటే, అది సాధారణంగా ఫోర్కు కుడికాలి అడుగున ఉంటుంది. దాన్ని ఈ కొసకూ ఆ కొసకూ తిప్పి మళ్లీ నొక్కండి. లేచే వేగంలో తేడా కనిపించాలి. పైన ఉండే ప్రీలోడ్ మర వేరు. అది స్ప్రింగును ముందే కాస్త బిగించడానికే, తిరుగు వేగంతో దానికి పని లేదు. దాన్ని తిప్పి చూపించి ‘అడ్జస్ట్ చేసుకోవచ్చు’ అంటే నమ్మి డబ్బు పెట్టకండి.

ఇక తొక్కే మనిషి బరువు. ఉక్కు స్ప్రింగును ఫ్యాక్టరీలో సగటు బరువున్న పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేస్తారు. నలభై కిలోల కుర్రాడు ఎక్కితే అది పెద్దగా కదలదు, ఉన్నా లేనట్టే. దీన్ని కొలవవచ్చు. ఫోర్కు పై గొట్టానికి ఓ ప్లాస్టిక్ టై వదులుగా కట్టి, కింది రబ్బరు సీలు దాకా జరపాలి. ఒకరు సైకిల్ పట్టుకుంటే, మెల్లగా ఎక్కి పెడళ్ల మీద నిలబడి, మెల్లగా దిగాలి. వంద మిల్లీమీటర్ల ఫోర్కులో ఆ టై ఇరవై మిల్లీమీటర్ల చుట్టూ జరిగి ఉంటే సరిపోయినట్టు. పదికి తక్కువైతే గట్టి, ముప్పై దాటితే మెత్తన. గాలి ఫోర్కును సన్నగా ఉన్న పిల్లాడికీ లావుపాటి తండ్రికీ కూడా సరిచేసుకోవచ్చు. నేను వాటి వైపు మొగ్గేది అందుకే. గాలి నింపడానికి మాత్రం షాక్ పంపు కావాలి, టైర్ల పంపు పనికిరాదు. రాయపూర్‌లో డిసెంబరు తెల్లవారుజామున సరిచూసుకున్న గాలి మే నెల ఎండకు పదో వంతు దాకా బిగుస్తుంది. అందుకే కాలం మారినప్పుడల్లా ఆ టై మళ్లీ చూసుకోవాలి.

ఎక్కడ తొక్కుతారన్నదీ లెక్కలోకి రావాలి. ఛత్తీస్‌గఢ్ రైతులు భాటా అనే ఎర్ర గులకనేల మీద దెబ్బలు చిన్నవి, ఎడతెగనివి. అక్కడ ఫోర్కు కొద్దిపాటి ఒత్తిడికే కదలాలి. మెల్లగా నొక్కితే ముందు పట్టేసి తర్వాత జారే ఫోర్కు అక్కడ వట్టి బరువే. వానాకాలంలో కన్హార్ నల్లమట్టి టైరుకు పేరుకుంటుంది. ఫోర్కు వంపుకూ టైరుకూ మధ్య వేలు దూరేంత జాగా లేకపోతే చక్రం అక్కడే ఆగిపోతుంది. నవా రాయపూర్‌లోని సాఫీ రోడ్ల మీద తిరిగేవాళ్లకు అసలు షాకరే అక్కర్లేదు. రెండున్నర కిలోల దాకా తూగే స్ప్రింగు ఫోర్కు కన్నా, అదే డబ్బుకు మామూలు ఫోర్కూ రెండంగుళాల టైర్లూ మంచి బ్రేకులూ కొనమంటాను.

పాత ఫోర్కు కొనేటప్పుడు దాని పై గొట్టాల మీద గోరు నిలువునా గీయండి. గోరు ఎక్కడైనా ఆగితే అక్కడ గీత పడినట్టు, అది ప్రతి కదలికకూ సీలును కోస్తుంది. సీలు చుట్టూ నూనె జిడ్డు ఉంటే లీకవుతున్నట్టు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతూ, గొట్టాలు కలిసేచోట వేలు పెట్టండి. అక్కడ కదిలితే లోపలి బుష్‌లు అరిగినట్టు. హ్యాండిల్ కింద హెడ్‌సెట్ దగ్గర కదిలితే అది బిగిస్తే పోయే లోపం. ఈ రెంటినీ కలగలపకండి, ఖర్చులో చాలా తేడా ఉంది.

కొత్తదైనా పాతదైనా, డబ్బు ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: దీనికి సీళ్లు దొరుకుతాయా, విప్పి నూనె మార్చేవాళ్లు ఊళ్లో ఉన్నారా? మంచి కంపెనీలు సుమారు యాభై గంటల సవారీకి ఒకసారి కింది గొట్టాలు విప్పి శుభ్రం చేయమంటాయి. భాటా దుమ్ములో తొక్కేవాళ్లు ఇంకా ముందే చేయించుకోవడం మేలు.