గేటు దగ్గరి మనిషి జీతం

మన సంస్థకు ఫీజు సాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లో తండ్రి వృత్తి ‘సెక్యూరిటీ గార్డు’ అని ఉండడం మణికొండలో మామూలే. మా బడిలో ఒక పిల్లవాడి తండ్రి రోజుకు 12 గంటలు గేటు దగ్గర ఉంటాడు. జీతం స్లిప్పు తెమ్మంటే, అలాంటిది ఎప్పుడూ ఇవ్వలేదన్నాడు. మన దాతల్లో అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్నవారు, ఆఫీసులు నడిపేవారు చాలామంది. అందుకే ఈ నాలుగు మాటలు.

గార్డు ఏజెన్సీ మనిషి కదా, మనకేం సంబంధం అనుకుంటాం. కానీ ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ఆ బాకీ పని చేయించుకున్న సంస్థ మీదికి రావచ్చు.

అసలు చూడవలసింది పనిగంటలు. చట్టప్రకారం రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి గంటకూ రెట్టింపు వేతనం. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్‌లోనూ ఇదే నియమం. ఒక గేటుకు 24 గంటలూ కాపలా కావాలనుకోండి. 8 గంటల చొప్పున ముగ్గురిని పెడితే 24 గంటల వేతనం ఇస్తే సరిపోతుంది. 12 గంటల చొప్పున ఇద్దరిని పెడితే ఒక్కొక్కరికి 8 గంటలు మామూలుగా, 4 గంటలు రెట్టింపుగా కలిపి 16 గంటల వేతనం ఇవ్వాలి. ఇద్దరికీ 32 గంటలు. అంటే ముగ్గురికంటే ఇద్దరే ఖరీదు! ‘ఇద్దరితో చవకగా చేస్తాం’ అని ఏజెన్సీ కొటేషన్ ఇచ్చిందంటే, ఆ తగ్గింపు గార్డు జేబులోంచే వస్తోంది. లెక్కల మాస్టారిని కాబట్టి పిల్లవాడి తండ్రికి కూడా ఈ లెక్క వేసి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాంట్రాక్టు ముందు 2005 నాటి చట్టం కింద ఏజెన్సీకి లైసెన్సు ఉందో లేదో చూడండి. గార్డులకు శిక్షణ, ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి. బిల్లుతోపాటు ప్రతినెలా పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు, పేర్లతో సహా అడగండి. జీతం 21,000 లోపు ఉన్న గార్డుకు ఈఎస్‌ఐ కోసం అతని వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం కట్టాలి. కడితేనే జబ్బు చేసినప్పుడు సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. కనీస వేతనంలో కరువు భత్యం ఏప్రిల్, అక్టోబరుల్లో మారుతుంది. బిల్లు కూడా ఆ మేరకు పెరగాలి.

రమజాన్‌లో గార్డుకు రేషన్ కిట్టు ఇస్తాం, మంచిదే. అర్హుడైతే జకాత్ కూడా ఇవ్వవచ్చు. కానీ ఇవ్వవలసిన జీతానికి బదులుగా ఇచ్చింది జకాత్ కాదు. అనుమానం ఉంటే మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి. ఈసారి కమిటీ మీటింగుకు వెళ్లేటప్పుడు ఏజెన్సీ కాంట్రాక్టు కాగితం వెంట తీసుకెళ్లండి.