మందుతోపాటు మంచి మాట

జ్వరము వచ్చి కోలుకున్నవానిని ఊరివారు పరామర్శింతురు. మనోవ్యాధికి చికిత్స పొంది ఇల్లు చేరినవానిని అట్లు పలుకరించువారు అరుదు. ఆసుపత్రిలో మొదలైన చికిత్స ఇంటియందు కొనసాగవలసి యున్నదని మనము మరచుచున్నాము.

స్కిజోఫ్రీనియా అను వ్యాధియందు లేని మాటలు చెవిని పడుట, నిష్కారణముగా ఇతరులను అనుమానించుట, నలుగురితో కలియకుండుట సామాన్య లక్షణములు. ఇది గాలి సోకుట కాదు. తల్లిదండ్రుల పెంపకములోని లోపమువలన కలుగునదియు కాదు. కాని మందులతో నెమ్మదించిన వ్యాధి తిరుగబెట్టుటకును ఇంటి వాతావరణమునకును సంబంధము కలదు.

లండనులో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ అను పరిశోధకులు 1976లో ఈ విషయమును విశదపరచిరి. నిత్యము తప్పులెన్నుట, ద్వేషము, మితిమీరిన ఆత్రుత గల ఇండ్లలో వ్యాధి ఎక్కువగా తిరుగబెట్టినది. అట్టి ఇండ్లలో సైతము మందు క్రమముగా వాడినవారికిని, ఆ బంధువులతో ఎదురెదురుగా వారమునకు 35 గంటలకంటె తక్కువ గడపినవారికిని ముప్పు తగ్గినది. 1987లో ప్రచురితమైన చండీగఢ్ పరిశీలనలో అట్టి కుటుంబములు లండనులోకంటె తక్కువగా కనబడినవి. పల్లెలలో మరింత తక్కువ. పల్లె కుటుంబములకు గల ఈ ఓరిమి కాపాడుకొనదగిన సంపద.

కోటగిరిలో నాట్లు ముమ్మరముగా సాగు దినములలో ఒక ఇంటిని ఊహింపుడు. ఆసుపత్రినుండి వచ్చిన కొడుకు ప్రొద్దెక్కినను లేవడు. “తిని పండుడేనా నీ పని?” అని తండ్రి గద్దించును. తల్లి భయముచే అతనిని గడప దాటనీయదు. ఇద్దరిదియు ప్రేమయే; ఇద్దరివలనను రోగి మనసునకు శ్రమయే. అది సోమరితనము కాదు, వ్యాధిశేషమో మందు మత్తో కావచ్చును. “బర్రెకు ఇంత గడ్డేస్తవా బిడ్డా?” అని చిన్నపని చెప్పి, చేసినపుడు మెచ్చుకొనుట మేలు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కలవు. వైద్యుని అడుగక మందు మానరాదని కుటుంబమునకు నచ్చజెప్పవలెను. వీధిలో “పిచ్చోడు” అని పిలుచుటను వారింపవలెను. దినమునకు కొన్ని గంటలు రోగికి తగిన పని చూపినచో ఇంటివారికిని విశ్రాంతి లభించును. 2001లో తమిళనాడులోని ఏర్వాడియందు అగ్నిప్రమాదము జరుగగా, గొలుసులతో బంధింపబడియున్న 28 మంది రోగులు మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించినది. సలహా కొరకు 14416 అను టెలి మానస్ నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

మీ వార్డులో అట్టి కుటుంబమున్నచో ఒకసారి వెళ్లి కూర్చుండుడు. రోగిని పేరుపెట్టి పలుకరింపుడు. ఇంటివారి కష్టమును ఆలకింపుడు.