గాలి చెక్కిన శిలలు, గాలి పోసిన దిబ్బలు

తెనాలి, రేపల్లె ప్రాంతముల బాలురకు రాయి యనిన రైలుకట్టమీది కంకరయే. కృష్ణానది తెచ్చిపోసిన నల్లమట్టిలో బావి త్రవ్వినను బండ తగులదు. కావున గాలి రాతిని చెక్కుననిన వారికి నమ్మశక్యము కాదు. బాపట్లవారు కొంత నమ్ముదురు. గాలి వీచు వేసవి మధ్యాహ్నమున సూర్యలంక తీరమున నడచినవారి పిక్కలకు ఇసుక సూదులవలె గ్రుచ్చుకొనును. ముఖమునకు మాత్రము అంతగా తగులదు. రహస్యమంతయు ఇందే యున్నది. బరువైన రేణువులను గాలి మిక్కిలి యెత్తునకు లేపజాలదు. అవి నేలకు ఇంచుమించు ఒక మీటరు లోపలనే గంతులు వేయుచు పోవును. అందుచేత ఎడారిలో నిలిచిన బండకు అడుగుభాగమే హెచ్చుగా అరుగును. తల పుట్టగొడుగువలె మిగులును. అయితే గాలి యొక్కటియే శిల్పి యని తలంపరాదు. పగటి యెండయు, రాత్రి చలియు, రాతిలోని యుప్పును, ఎప్పుడో కురియు వానయు తొలుత బండను గుల్లచేయును. గాలి ఆ పొడిని ఊడ్చుకొని పోవును.

జోర్డాను దేశమందలి వాది రమ్ అను ఎడారిలో ఇట్టి ఇసుకరాతి కొండలును, సహజ తోరణములును పెక్కులు కలవు. యునెస్కోవారు 2011లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. అచటి బండలపై సుమారు 25,000 చిత్రములును, 20,000 శాసనములును ఉన్నవి. మేకలను, ఒంటెలను మేపుకొనుచుండిన బెదూయిన్లే నేడు యాత్రికులకు దారి చూపుచున్నారు. ఏ కొండసందున ఊట యున్నదో వారికి తెలియును. మన నిజాంపట్నపు పల్లెకారులు నీటి రంగును జూచి లోతు చెప్పునట్లే, వారు ఇసుకను జూచి దారి చెప్పుదురు. ఈ విద్య బడిలో నేర్పునది కాదు.

మన యాంధ్రదేశమున గాలి పనితనము చూడగోరువారు విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న ఎఱ్ఱమట్టి దిబ్బలకు పోవలెను. సుమారు 20,000 ఏండ్లక్రిందట సముద్రము నేటికంటె నూరు మీటర్లకు పైగా దిగువనుండెను. అప్పుడు బయటపడిన ఇసుకను గాలి తెచ్చి తీరమున పోసెను. రేణువులకు పట్టిన ఇనుప త్రుప్పే ఆ యెఱుపు. పోసినది గాలియైనను, లోయలుగా చెక్కినది వాననీరు. అక్కడ బండ లేదు. ఉన్నది కొంచెము గట్టిపడిన ఇసుక మాత్రమే.

2014లో భారత భూగర్భ సర్వే శాఖవారు దీనిని భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. అయినను 2024లో యంత్రములతో త్రవ్వకములు జరిగి పెద్ద అలజడి కలిగెను. యంత్రములదాక పోనేల? సరదాకు వాలుపై జారు బాలుడు పైపొరను చీల్చును. వచ్చు వానకాలమున నీరు ఆ చీలికనే దారి చేసికొనును. వాది రమ్‌లో ఎచట అడుగు పెట్టవలెనో చెప్పుటకు బెదూయిను ముందు నడచును. ఇచట చాలమంది యాత్రికులు తమంతట తామే దిగుచున్నారు.