రేడియోలో రైతు పూట వేలం సరుకు కాదు

2024 ఆగస్టు నెలాఖరులో కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం చేసింది. దేశంలో 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో ఛానళ్లను వేలం వేయాలన్నదే ఆ నిర్ణయం. వేలానికి కట్టిన కనీస ధర సుమారు 785 కోట్ల రూపాయలు. ఈ జాబితాలో ఆంధ్రప్రదేశ్ వాటాకు 22 పట్టణాలు, 68 ఛానళ్లు వచ్చాయి. తెలంగాణకు 10 పట్టణాలు, 31 ఛానళ్లు.

ఆ పట్టణాల పేర్లు ఒక్కసారి చదివి చూడండి. ఆదోని, నంద్యాల, చిలకలూరిపేట, భీమవరం, మదనపల్లె, ఖమ్మం, సూర్యాపేట. ఆదోని అంటే పత్తి యార్డు. మదనపల్లె అంటే టమాటా మార్కెట్టు. ఖమ్మం అంటే మిర్చి. సూర్యాపేట అంటే ధాన్యం. ఇవన్నీ రైతు బస్తా మోసుకుపోయి, కాటా ముందు నిలబడే ఊళ్లు. అక్కడ పెట్టే రేడియో పట్టణానికే ఆగదు, చుట్టుపక్కల పల్లెల్లోనూ వినిపిస్తుంది. మరి ఆ రేడియో పల్లెతో ఏం మాట్లాడుతుంది? వేలం షరతుల్లో ఛానలుకు ధర ఉంది, ఏటా రాబడిలో సర్కారుకు చెల్లించాల్సిన 4 శాతం ఉంది. రైతు కార్యక్రమానికి రోజుకు ఇన్ని నిమిషాలు కేటాయించాలన్న షరతు మాత్రం లేదు.

రేడియోలో ఏ వేళకు ఏ పాట వేయాలి, ఏ మాట చెప్పాలి అన్నది పైకి చిన్న విషయంగానే కనబడుతుంది. కాని ఇది ఎవరి మాట వినబడాలి, ఎవరి మాట వినబడకూడదు అనే ప్రశ్న. కాబట్టి రైతాంగం దీన్ని పట్టించుకోక తప్పదు.

రైతు పూట ఎలా వచ్చింది?

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసి హైదరాబాదు కేంద్రమైంది. 1963లో విశాఖపట్నం, కడప కేంద్రాలు వచ్చాయి. వీటిలో గ్రామస్థుల కార్యక్రమానికి, పాడిపంటలకు, కార్మికుల కార్యక్రమానికి వేళలు ఏర్పడ్డాయి. పొద్దుగూకి పశువులను కట్టేసి వచ్చేసరికి పంచాయతీ ఆఫీసు దగ్గర రేడియో మోగుతూ ఉండేది. ఇంట్లో సెట్టు ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టేవారు. అంటే ఆ రేడియో జనం సొమ్ముతో నడిచిన రేడియో.

1956లో పూనా ప్రాంతంలో 150 గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. ఊరివాళ్లు గుంపుగా కూర్చుని కార్యక్రమం వినడం, దాని మీద చర్చించుకోవడం, సందేహాలను తిరిగి కేంద్రానికి రాసి పంపడం, ఇదీ పద్ధతి. 1959 నుంచి దీన్ని దేశమంతటా విస్తరించారు. 1966లో కొన్ని కేంద్రాల్లో వ్యవసాయానికి ప్రత్యేక విభాగాలు ఏర్పడ్డాయి. అదే కాలంలో తంజావూరు ప్రాంతంలో ఏడీటీ-27 అనే వరి వంగడం గురించి రేడియోలో పదే పదే చెప్పారు. రైతులు విన్నారు, వేశారు. చివరికి దానికి రేడియో బియ్యమని పేరే పెట్టారు. రైతుకు పనికొచ్చే మాట రైతు భాషలో, సకాలంలో చెబితే ఎంత దూరం పోతుందో ఇది చెబుతుంది.

అయితే పాత రేడియోను ఆకాశానికెత్తవలసిన పని కూడా లేదు. అది సర్కారు చేతిలోని రేడియో. ఎరువు ఎంత వేయాలో చెప్పింది గాని, ఎరువు ధర ఎందుకు పెరిగిందో అంతగా చెప్పలేదు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు మిగులు భూమి ఎవరి చేతుల్లో దాగి ఉందో ఆ రేడియో వెతకలేదు. కూలి రేట్లు, కౌలుదారు హక్కులు దానికి దూరపు విషయాలే. చెప్పేవాడు పైన, వినేవాడు కింద అన్న వరస కూడా ఉండేది. ఈ లోపాలన్నీ నిజమే. కాని లోపాలున్న చావడిని బాగుచేసుకోవాలి. దాన్ని పడగొట్టి ఆ స్థలంలో దుకాణం పెడతామంటే ఎవరు ఒప్పుకుంటారు?

పాట మీద కోపం లేదు

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. రైతు పాట వద్దనడం లేదు. నాటేసే కూలి తల్లికి పాట లేనిదే పొద్దు గడవదు. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి కేస్కర్ సినిమా పాటలను రేడియోకు దూరం చేయబోతే ఏమయింది? జనం సెట్టు ముల్లును సిలోన్ వైపు తిప్పారు. చివరికి ఆకాశవాణి దిగి వచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభించింది. 1967లో దానికి వ్యాపార ప్రకటనలు కూడా తోడయ్యాయి. పాటా, మాటా రెండూ నడిచాయి. ఒకదాని కోసం మరొకదాన్ని చంపనక్కర లేదని అప్పుడే రుజువైంది.

1984 అక్టోబరు 30న తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదటి స్థానిక రేడియో కేంద్రం మొదలైంది. జిల్లాకో చిన్న కేంద్రం, అక్కడి సిబ్బంది ఊళ్లలోకి పోయి జనం గొంతు రికార్డు చేసుకు రావడం దీని ఉద్దేశం. 1980ల చివర, 1990ల మొదట్లో మన దగ్గర కూడా కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్, అనంతపురం, కర్నూలు, తిరుపతి వంటి చోట్ల ఇటువంటి కేంద్రాలు వచ్చాయి. అనంతపురం వేరుశనగ రైతుకు కావలసిన మాట వేరు, నిజామాబాదు పసుపు రైతుకు కావలసిన మాట వేరు. స్థానిక కేంద్రం అవసరం అక్కడే ఉంది.

వరస మారింది ఎవరి కోసం?

2001లో బెంగుళూరుతో ప్రైవేటు ఎఫ్.ఎం. మొదలైంది. 2006 నాటికి హైదరాబాదుకూ వచ్చింది. ఈ స్టేషన్లు నడిచే పద్ధతిని తెలుసుకోవాలి. ముందు ఏ శ్రోత కావాలో ఎంచుకుంటారు. చేతిలో డబ్బాడేవాడు, కొనేవాడు, పట్టణంలో ఉండేవాడు. అతడికి నచ్చే పాటల జాబితా ఒకటి తయారు చేసి, వాటినే రోజంతా తిప్పి తిప్పి వేస్తారు. నడుమ నడుమ సరదా కబుర్లు, ఆ నడుమ ప్రకటనలు. శ్రోత తగ్గాడనుకుంటే ఒక్క రాత్రిలో వరస మార్చేస్తారు. నిన్నటి పాత పాటల స్టేషను తెల్లారేసరికి కొత్త పాటల స్టేషనవుతుంది.

శ్రోతలను లెక్క పెట్టడానికి 2007లో ఒక పద్ధతి వచ్చింది. అది ముంబయి, ఢిల్లీ, బెంగుళూరు, కలకత్తా నగరాలకే పరిమితమైంది. ఆ లెక్కలో చిలకలూరిపేట పత్తి రైతు లేడు, సూర్యాపేట కూలీ లేడు. లెక్కలో లేనివాడి కోసం కార్యక్రమం ఎవరు చేస్తారు?

పైగా ప్రైవేటు ఎఫ్.ఎం.కు సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. 2011 విధానం ప్రకారం ఆకాశవాణి వార్తలను మార్చకుండా వినిపించవచ్చు. వాతావరణం, రాకపోకల స్థితి, పరీక్షల సమాచారం, నీళ్లూ కరెంటూ గురించిన ప్రకటనలు ఇవ్వవచ్చు. అంతవరకే. యార్డులో దళారులు కుమ్మక్కై ధర దించేశారనుకోండి, తరుగు పేరుతో బస్తాకు రెండు కిలోలు కోశారనుకోండి, ఆ సంగతి చెప్పే దారి ఆ రేడియోకు లేదు. యార్డు ఊళ్లోనే ఉంటుంది, రేడియో కూడా ఊళ్లోనే ఉంటుంది, కాని యార్డు గొడవ రేడియోకెక్కదు.

ఇక ఆకాశవాణి సంగతి. పోటీ పేరు చెప్పి అది కూడా ప్రైవేటువాడి వెనకాల నడవడం మొదలుపెట్టింది. ఖర్చు తగ్గించాలన్న మాట పైకొచ్చింది. 2019 జనవరిలో జాతీయ ఛానల్‌తో పాటు అయిదు ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసివేయాలని ప్రసారభారతి నిర్ణయించింది. ఆ అయిదింటిలో హైదరాబాదు ఒకటి. కార్యక్రమాలు చేసేవాళ్లకు పని నేర్పే చోటునే వద్దనుకుంటే కార్యక్రమాలు ఎక్కడి నుంచి వస్తాయి?

2023 ఏప్రిల్ 28న ప్రధాని 91 కొత్త ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లను ఒకేసారి ప్రారంభించారు. ఒక్కొక్కటి 100 వాట్లది. 100 వాట్లంటే పాతకాలం ఇంటి బల్బు ఎంతో అంత. హైదరాబాదు కేంద్రం మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరు 200 కిలోవాట్లది, అంటే దానికి రెండు వేల రెట్లు. 91 ట్రాన్స్‌మిటర్లూ కలిసి అదనంగా 35,000 చదరపు కిలోమీటర్లకు ప్రసారం చేరుస్తాయని ప్రభుత్వమే చెప్పింది. భాగించి చూడండి. ఒక్కొక్కదానికి 385 చదరపు కిలోమీటర్లు, అంటే స్తంభం చుట్టూ పదకొండు కిలోమీటర్లు. మీడియం వేవ్ తరంగం నేలను పట్టుకుని పోయి జిల్లాలు దాటుతుంది. ఎఫ్.ఎం.లో శబ్దం శుభ్రంగా ఉంటుంది గాని, కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. ఇటువంటి చిన్న ట్రాన్స్‌మిటర్లు ముఖ్యంగా వేరే కేంద్రం నుంచి వచ్చేదాన్ని తిరిగి వినిపించేవే. స్తంభం మన ఊళ్లో, మాట మరో ఊరిది.

సెల్‌ఫోన్ ఉంది కదా?

రైతు చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఇంకా రేడియో ఏమిటని కొందరు అడుగుతున్నారు. నిజమే, ఫోనుతో మేలుంది. 2004 నుంచి కిసాన్ కాల్ సెంటర్ పని చేస్తోంది, 1800-180-1551 నంబరుకు ఉచితంగా మాట్లాడవచ్చు. కాని ఫోనులో వచ్చే వీడియోల్లో ఏది శాస్త్రవేత్త మాట, ఏది మందుల కంపెనీ మాట అని తేల్చుకోవడం ఎలా?

2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలపై నల్ల తామరపురుగు పడింది. పూతను తినేసింది. రైతు పరుగెత్తింది ఎవరి దగ్గరికి? ఎక్కువమంది మందుల దుకాణానికే. సలహా ఇచ్చేవాడూ, సరుకు అమ్మేవాడూ, అప్పు రాసుకునేవాడూ ఒక్కడే. అటువంటి వేళ రైతు అడిగే ప్రశ్న చాలా చిన్నది. “ఈ పూట మందు కొట్టమంటారా, ఆగమంటారా?” ఆగమని చెబితే నష్టపోయేవాడు ఆ జవాబు చెప్పడు. పురుగుమందుల కంపెనీ డబ్బుతో నడిచే కార్యక్రమంలో మందు కొట్టవద్దన్న మాట రాదు. ఎవరి ప్రకటన మీదా ఆధారపడని గొంతు ఒకటి రైతుకు కావాలి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. ఛార్జింగ్ లేని ఫోను రాయితో సమానం. రెండు సెల్లులు వేసిన ట్రాన్సిస్టరుకు ఆ ఇబ్బంది లేదు. చేతులు బురదలో ఉన్నా అది వినిపిస్తుంది. ఫోను ఇంట్లో మగవాడి జేబులో ఉంటే, గట్టు మీద పెట్టిన రేడియో కలుపు తీసే ఆడవాళ్లందరిదీ అవుతుంది.

మాచునూరు చూపిన దారి

వేరే దారి లేదా అంటే ఉంది. జహీరాబాదు ప్రాంతంలోని మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో లైసెన్సుతో ప్రసారం మొదలుపెట్టింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది ఆ రేడియో. నడిపేది దళిత, పేద రైతు స్త్రీలు. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి కార్యక్రమాలను టేపుల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. కొర్రలు, జొన్నలు, విత్తనం దాచుకునే తీరు, పశువుల వైద్యం, ఊరి పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. అక్కడ పాట వేయాలా, మాట చెప్పాలా అని ఎవరూ తగువు పడలేదు. వినేవాళ్లే చేసేవాళ్లు అయినప్పుడు ఆ తగువు పుట్టదు.

ఇటువంటి సామాజిక రేడియోలకు స్వచ్ఛంద సంస్థలు దరఖాస్తు చేసుకునే వీలు 2006 చివర వచ్చింది. అయినా 100 వాట్ల హద్దు పెట్టారు, సొంత వార్తలు చెప్పకూడదన్నారు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో బిగించడమంటే ఇదే.

మనం అడగవలసినవి

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి. వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి. 1990 ప్రసారభారతి చట్టం 12వ సెక్షన్ సంస్థ లక్ష్యాలు చెబుతూ వ్యవసాయం, గ్రామీణాభివృద్ధిపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలంటోంది. అమలు చేయమని అడిగే హక్కు మనకుంది.

ఒకటి, ప్రతి ఆకాశవాణి కేంద్రంలోనూ రైతులకు, వ్యవసాయ కార్మికులకు పొద్దునా, సాయంత్రమూ స్థిరమైన వేళ ఉండాలి. దాన్ని ప్రకటనల కోసం గాని, వేరే కేంద్రం రిలే కోసం గాని కదపకూడదు. రెండు, జిల్లా యార్డుల ధరలు, తరుగు ఫిర్యాదులు, నకిలీ విత్తనాల సమాచారం ఆ వేళలో రావాలి. మూడు, కార్యక్రమాల సలహా సంఘాల్లో చిన్న రైతులకు, కౌలుదార్లకు, కూలి స్త్రీలకు చోటివ్వాలి. నాలుగు, వేలంలో ఛానలు పాడుకున్న ప్రైవేటు స్టేషన్లకు కూడా రోజూ రైతు కార్యక్రమం తప్పనిసరి షరతుగా పెట్టాలి. అయిదు, సామాజిక రేడియోల మీద ఆంక్షలు సడలించి, వార్త చెప్పే హక్కు ఇవ్వాలి.

ఇవి కోరినంత మాత్రాన రావు. రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు గిట్టుబాటు ధర తీర్మానంతో పాటు ఈ తీర్మానం కూడా చేయాలి. మీ జిల్లా కేంద్రం రోజుకెన్ని నిమిషాలు రైతుకిస్తోందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. వచ్చిన జవాబును గ్రామసభలో చదవండి. కాలువ నీళ్లకు కాపలా కాసినట్టే, గాలిలో మనకు రావలసిన వాటాకు కూడా మనమే కాపలా కాసుకోవాలి.